సర్టిఫికెట్‌లో ఫోన్ రంగు అడుగుతున్నారు, వీడియో కోశారా అని అడగడం లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న వీడియో మిక్సింగ్ యూనిట్ ఉంది. వీహెచ్ఎస్ క్యాసెట్ల రోజుల నుంచి పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు కట్ చేసి పాటలు కలుపుతూ బతుకుతున్నవాణ్ణి. పెళ్లి పని ఇప్పుడు సగానికి పడిపోయింది గానీ, ఆ ఖాళీలోకి కోర్టు పని వచ్చి కూర్చుంది. ప్లీడరు గార్ల గుమాస్తాలు ఫోనో పెన్‌డ్రైవో పట్టుకొస్తారు. 'గొడవ వీడియో ఇందులో ఉంది, రెండు కాపీలు తీసి హ్యాష్ కొట్టివ్వు, సాయంత్రంలోగా ఫైల్ చెయ్యాలి' అంటారు. మీ జిల్లా పేజీల్లో 'వీడియో వైరల్' అని వచ్చే గొడవల్లో కొన్నిటి ఫైళ్లు నా టేబుల్ మీదుగా పోయినవే. వీడియో తీసిన నిమిషానికీ, దానికి మొదటిసారి హ్యాష్ పడిన నిమిషానికీ మధ్య పెద్ద కంత ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

హ్యాష్ అంటే తెలియనివాళ్లకి ఒక మాట. ఫైల్ మొత్తాన్నీ లెక్కగట్టి కంప్యూటర్ ఇచ్చే అక్షరాల, అంకెల వరుస అది. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో అయితే 64 వస్తాయి. అరగంట వీడియోలో ఒక్క ఫ్రేమ్ మారినా వరుస మొత్తం వేరేది వస్తుంది. ఫైల్ పేరు మారిస్తే మాత్రం మారదు. ఈ సంగతి చెబితే సీనియర్ ప్లీడర్లు కూడా నమ్మరు, కళ్లముందు చేసి చూపించాల్సిందే. ఇంత గట్టి లెక్క కూడా చెప్పేది ఒక్కటే: హ్యాష్ తీసిన క్షణం నుంచి ఫైల్ మారలేదని. అంతకుముందు ఏం జరిగిందో దానికి తెలియదు.

2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. ఫోన్ వీడియో లాంటి ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే ఒక సర్టిఫికెట్ జతచేయాలి. పాత 65బి సర్టిఫికెట్ స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63 సర్టిఫికెట్. చట్టం చివర షెడ్యూల్‌లో దాని ఫారం ఉంది. పార్ట్ ఏ వీడియో దాఖలు చేసేవాళ్లు నింపాలి, పార్ట్ బి ఎక్స్‌పర్ట్ నింపాలి. ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ అనే గుర్తింపు నంబరు అన్నీ రాయాలి. ఫోన్ మా అధీనంలోనే ఉంది, సరిగ్గానే పనిచేస్తోంది అని ఒప్పుకోవాలి. హ్యాష్ ఏ పద్ధతిలో తీశారో టిక్కు పెట్టాలి. ఫోన్ నల్లదా నీలందా అని రాయడానికి చోటుంది. ఈ వీడియో మీరే తీశారా, వాట్సాప్‌లో వచ్చిందా, మధ్యలో ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో తెరిచారా అన్న ప్రశ్నకి చోటు లేదు.

టిక్కుల్లో ఎండీ5, ఎస్‌హెచ్ఏ1 అనే పాత హ్యాష్ పద్ధతులు కూడా ఉన్నాయి. రెండు వేర్వేరు ఫైళ్లకి ఒకే హ్యాష్ రప్పించవచ్చని తేలి ఎండీ5 పని 2004లోనే అయిపోయింది. ఎస్‌హెచ్ఏ1తో ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను 2017లో గూగుల్ వాళ్లూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులూ కలిసి తయారుచేసి చూపించారు. 2023లో రాసుకున్న చట్టంలోకి ఇవి ఎలా వచ్చాయో రాసినవాళ్లకే తెలియాలి. సరే, అది చిన్న సంగతి.

ఆమధ్య ఒక కుర్రాడు వచ్చాడు. ప్రహరీ గోడ తగాదా, రెండు కుటుంబాలు తిట్టుకుని కొట్టుకున్న వీడియో. 'అంకుల్, మొదట్లో మా బాబాయ్ చెయ్యెత్తే ముక్క ఉంది, అది తీసెయ్యండి. తేదీ, టైము మాత్రం పాతవే ఉండాలి. ఎడిట్ చేసినట్టు తెలియకూడదు' అన్నాడు. గొంతు కూడా తగ్గించలేదు, జెరాక్స్ తియ్యమన్నట్టు అడిగాడు. కుదరదన్నాను. 'పర్లేదంకుల్, ఎలా చెయ్యాలో యూట్యూబ్‌లో ఉంది' అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. తప్పు చేస్తున్నానన్న టెన్షన్ ఆ పిల్లాడి ముఖంలో ఎక్కడా లేదు. బాబాయ్‌ని కాపాడుకుంటున్నాననే అనుకున్నాడు. న్యాయ విచారణ కోసం దొంగ సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా జైలు పడుతుందని, కోర్టుకి అందకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే 241 కింద మూడేళ్ల దాకా పడుతుందని అతనికి ఎవరు చెప్పారు గనక?

క్యాసెట్ రోజుల్లో ఈ పని దొరికిపోయేది. రికార్డ్ మీద రికార్డ్ చేస్తే కట్ పడిన చోట బొమ్మ చెదిరేది, తెల్ల గీతలు పరిగెత్తేవి. 1985లో రామ్ సింగ్ వర్సెస్ కల్నల్ రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు టేపులకి షరతులు పెట్టింది. గొంతు ఎవరిదో గుర్తుపట్టాలి, చెరిపి మార్చడానికి వీల్లేదని తేలాలి, క్యాసెట్‌ని సీలు వేసి భద్రంగా ఉంచాలి. మా ప్లీడరు గారొకాయన ఈ తీర్పు చదివి వినిపించినప్పుడు నాకనిపించింది, నలభై ఏళ్ల కిందటి ఆ మూడో షరతే ఇవాళ మనం గాలికొదిలేశామని.

సెల్‌ఫోన్ వీడియోలో కూడా ఆనవాళ్లు లేకపోలేదు. కావాల్సినన్ని ఉన్నాయి. ఫోన్ వీడియోలు మామూలుగా ఎంపీ4 అనే రకం ఫైళ్లు, వాటి లోపల బాక్సులని కొన్ని భాగాలుంటాయి. బొమ్మ, మాట ఒకదాంట్లో ఉంటే, ఏ ఫ్రేమ్ ఎక్కడుంది, ఎంతసేపు నిలవాలి అనే పట్టిక ఇంకోదాంట్లో ఉంటుంది. ఒక్కో కంపెనీ ఫోన్ వీటిని ఒక్కో వరుసలో రాస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన వరుసలో తాను రాస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే మామూలుగా తన పేరు కూడా లోపల రాసి పోతుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ యూనివర్సిటీ వాళ్లు 11 కంపెనీల 35 ఫోన్లు, ట్యాబ్‌లతో తీసిన ఫొటోలు, వీడియోలను 2017లో పరిశోధకుల కోసం బయటపెట్టారు. ఫైల్ లోపలి వరుసను బట్టి అది నేరుగా ఫోన్లోంచి వచ్చిందా, సాఫ్ట్‌వేర్లోంచి వచ్చిందా చెప్పవచ్చని తర్వాత అక్కడివాళ్లే చూపించారు.

తేదీ కూడా రెండు చోట్ల ఉంటుంది. గ్యాలరీలో మనకు కనబడేది ఒకటి. ఫైల్ లోపల రాసుండేది ఇంకొకటి. ఆ లోపలిది 1904 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క, అదీ మన టైమ్‌లో కాదు, అంతర్జాతీయ సమయంలో. రాత్రి 9.10కి తీసిన వీడియోలో లోపల మధ్యాహ్నం 3.40 అని ఉండాలి. తేదీ దిద్దుకొచ్చేవాళ్లు లోపల కూడా 9.10 అనే రాసుకొచ్చి ఈ అయిదున్నర గంటల దగ్గర దొరికిపోతారు. ఇంకొకటి, ఫోన్ సెకనుకి 30 ఫ్రేములంటుంది గానీ గడియారం పెట్టుకుని తీయదు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఒకసారి 33 మిల్లీసెకన్లు, ఒకసారి 34, ఉన్నట్టుండి ఒకసారి 50. సాఫ్ట్‌వేర్లో పడి బయటికొచ్చిన వీడియోలో మామూలుగా అన్నీ ఒకే కొలతలో ఉంటాయి.

ఇవన్నీ మార్చేవాడికి తెలియనంతకాలం పనికొచ్చాయి. ఇప్పుడు తెలిసినవాళ్లు తయారయ్యారు. లోపలి తేదీని సరైన లెక్కలోనే దిద్దుతారు, సాఫ్ట్‌వేర్ పేరు చెరిపేస్తారు, బాక్సుల వరుస ఫోన్ వరుసలా సర్దుతారు, ఫ్రేముల మధ్య కొలతల్ని కావాలనే కాస్త చెడగొడతారు. దొరక్కుండా ఆనవాళ్లు చెరిపే ఈ విద్యకే యాంటీ ఫోరెన్సిక్స్ అని పేరు. మధ్యలోంచి ఫ్రేములు తీసేసిన వీడియోని ఎలా పట్టుకోవచ్చో, ఆ గుర్తుని ఎలా చెరపవచ్చో, చెరిపిన సంగతిని మళ్లీ ఎలా పట్టుకోవచ్చో మేరీలాండ్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ఒకే పేపర్లో రాశారు. చెరపడం కూడా ఒక ఆనవాలు వదులుతుందన్నది వాళ్ల మాట. నిజమే కావచ్చు. కానీ ఆ చివరి ఆనవాలు పట్టడానికి మంచి ల్యాబ్, తీరిక ఉన్న మనిషి, నాణ్యత పోని ఫైల్ కావాలి. మన కేసుల్లో ఈ మూడూ ఒకచోట చేరడం అరుదు.

ఒక వీడియో సంగతి చెబుతాను. ఒక గుమాస్తా తెచ్చాడు, దుకాణంలో గొడవ, నిమిషం లోపే ఉంటుంది. లోపలి తేదీ సరిగ్గా ఉంది. ఫ్రేముల కొలతలు ఎగుడుదిగుడుగానే ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ పేరూ లేదు. అయినా ఎందుకో గొడవ మొదలయ్యే తీరు కుదరలేదనిపించి ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. కౌంటర్ వెనక గోడకి తేదీల క్యాలెండర్ వేలాడుతోంది, పైన ఫ్యాన్ గాలికి కాగితం లేస్తూ పడుతూ ఉంది. ఒకచోట కాగితం సగం లేచి ఉంది, పక్క ఫ్రేమ్‌లో గోడకి అతుక్కుని ఉంది. సెకనులో ముప్ఫయ్యో వంతులో కాగితం అంత కిందికి రాదు. అదే చోట అవతలి మనిషి భుజం మీద తువ్వాలు అంగుళం జరిగింది. మాట మాత్రం ఎక్కడా తెగలేదు, ఎందుకంటే గొడవ మొదట్లో మాటే లేదు, ఫ్యాన్ చప్పుడు ఒక్కటే సాఫీగా ఉంది. ఆ చప్పుడు తర్వాత పరిచిందని నా అనుమానం. గుమాస్తాకి చూపిస్తే, 'మనకెందుకులెండి గురువుగారూ, సర్టిఫికెట్ ఉంటుందిగా' అన్నాడు.

చప్పుడు మాట వచ్చింది కాబట్టి, వీడియోలో పడే కరెంటు మోత గురించి కూడా చెప్పాలి. మిక్సింగ్ మొదలుపెట్టిన కొత్తలో నా ప్రాణం తీసింది కరెంటు హమ్. ఎర్తింగ్ సరిగా లేకపోతే స్పీకర్లో గుయ్యిమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత కూడా 50, 100 దగ్గరే ఉంటుంది. దాన్ని తీసెయ్యడానికి పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కాదు. అదే హమ్ ఇప్పుడు సాక్షి అయింది. కరెంటు ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 మీద నిలబడదు, లోడును బట్టి రవ్వంత పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగుడు ఏ గంటకాగంట వేరు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ కూడా మిగతా దేశంతో కలిసింది కనుక, ఒక క్షణంలో గుంటూరులో ఎంత ఉంటే ఢిల్లీలోనూ దాదాపు అంతే. ఇంట్లో తీసిన వీడియోలో ఆ సన్నటి మోత పడి ఉంటే, గ్రిడ్ రికార్డుతో పోల్చి ఏ రోజు ఏ టైమ్‌కి తీశారో, మధ్యలో ముక్క ఎగిరిందో లేదో చెప్పవచ్చు. రొమేనియాకి చెందిన కాటలిన్ గ్రిగోరాస్ ఈ పద్ధతిలో ముందు నడిచినవాడు. ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది కాబట్టి బొమ్మలోంచి కూడా దీన్ని రాబట్టే ప్రయత్నాలు జరిగాయి.

వినడానికి బాగుంటుంది. మన దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద తీసిన వీడియోలో హమ్ ఉండదు. ఫోనే చప్పుళ్లు తగ్గించడానికి దాన్ని సగం మింగేస్తుంది. వాట్సాప్ మిగతాది నలిపేస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉంటే దాని ఫ్రీక్వెన్సీ దాని ఇష్టం, గ్రిడ్‌తో సంబంధం లేదు. వీటన్నిటికీ మించి, నేను అప్పట్లో హమ్ ఎలా తీసేసేవాణ్ణో, మార్చేవాడు ఇప్పుడు అలాగే తీసేసి ఇంకోటి పరచగలడు.

కెమెరా సెన్సర్‌కి సహజంగా ఉండే సన్నటి మచ్చలను బట్టి ఫలానా ఫోనే తీసిందని చెప్పే పద్ధతి ఒకటుంది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ యూనివర్సిటీలో జెస్సికా ఫ్రిడ్రిచ్ బృందం దాని మీద రాసిన పేపర్ పేరు మోసింది. ఫొటోలకు బాగా పనిచేస్తుంది. వీడియోలో, చెయ్యి వణికినా బొమ్మ కదలకుండా ఫోన్ ప్రతి ఫ్రేమ్‌నీ కాస్త జరిపి సర్దుతుంది కదా, అక్కడ ఆ మచ్చల లెక్క తప్పుతుంది. ఎవరూ మోసం చేయకపోయినా సరే, ఫోనే చెరిపేస్తుంది.

ఇంత విద్య కూడా అక్కర్లేని దారి ఒకటుంది, నన్ను భయపెట్టేది అదే. కోసిన వీడియోని మంచి టీవీలో ఆడించి, గది చీకటి చేసి, ఇంకో ఫోన్‌తో తీస్తారు. ఇప్పుడా ఫైల్ నిజంగానే ఫోన్‌లో పుట్టింది. బాక్సుల వరుస నిజం, ఫ్రేముల కొలతలు నిజం, సెన్సర్ మచ్చలు నిజం. ఫోన్ గడియారాన్ని ముందే వెనక్కి తిప్పుకుంటే తేదీ కూడా కావాల్సినదే పడుతుంది. హ్యాష్ చక్కగా వస్తుంది. ఫోన్ కోర్టులో ఎగ్జిబిట్‌గా పెట్టవచ్చు. సర్టిఫికెట్‌లో ఫోన్ రంగుతో సహా ఒక్క అక్షరం అబద్ధం రాయాల్సిన పని లేదు. స్క్రీన్ మీద తీసిందని అలలు అలలుగా కనిపించే గీతలను బట్టి, వెలుతురు తీరును బట్టి పట్టుకోవచ్చు గానీ, అనుమానం వచ్చి ఎవరైనా చూస్తే కదా!

ఇక పార్ట్ బి. దాని సంతకం కోసం కూడా నా దగ్గరికే వస్తున్నారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని పరీక్షించడానికి ఐటీ చట్టం 79ఎ కింద కేంద్రం కొన్ని ల్యాబులను నోటిఫై చేస్తుంది. కానీ ఈ ఫారంలో సంతకం పెట్టే ఎక్స్‌పర్ట్ ఎవరై ఉండాలో, ఏం చదివి ఉండాలో రాయలేదు. హ్యాష్ తీయడం నాకు వచ్చు. వీడియో నిజమా కాదా తేల్చే చదువు నాకు లేదు, ఆ మాట మొహం మీదే చెబుతాను. కాపీ, హ్యాష్ రిపోర్ట్ ఇచ్చి పంపిస్తాను. 'మీరు కాకపోతే ఇంకొకరు' అంటారు. ఆ ఇంకొకరు దొరుకుతున్నారు కూడా. క్లయింటు ముందు కంప్యూటర్ ఉంటే చాలు, ఎక్స్‌పర్ట్ అయిపోవడమే.

ఇంతవరకూ దొంగ వీడియోల సంగతి. నిజమైన వీడియో పెట్టుకున్నవాళ్ల బాధ ఇంకోరకం. పొన్నూరు వైపు పల్లె నుంచి ఒకావిడ వాళ్ల అన్నయ్యని వెంటబెట్టుకుని వచ్చింది. అత్తింటివాళ్లు సామాను వీధిలో పడేస్తుంటే ఆవిడ కూతురు ఫోన్లో తీసింది. అన్నయ్యకి వాట్సాప్ చేసింది. మెమరీ నిండిపోయిందని తర్వాత గ్యాలరీలోది తీసేసింది. చాలా ఫోన్లలో తీసేసినవి నెల రోజులు ట్రాష్‌లో ఉంటాయి, వాళ్లకి తెలిసేసరికి ఆ నెలా దాటిపోయింది. ఒకప్పుడు మెమరీ కార్డుల్లోంచి చెరిగిపోయిన పెళ్లి ఫొటోలు ఎన్నో వెనక్కి తెచ్చాను. ఇప్పటి ఫోన్లలో ఆ పప్పులుడకవు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి లోపలి మెమరీ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళం వేసినట్టు సంకేత రూపంలోనే ఉంటుంది. మిగిలింది వాట్సాప్ కాపీ ఒక్కటే. అది నలిగిపోయిన కాపీ, తీసిన టైము లేదు, ఏ ఫోనో గుర్తు లేదు. అవతలి ప్లీడరు 'ఇది ఎడిట్ చేసింది, కాదంటే ఏఐతో చేసింది' అన్నాడట. కాదని చూపించడానికి ఆవిడ దగ్గర ఏముంది? తీసినప్పుడు కూతురు ఏడుస్తూ అమ్మా అమ్మా అంటున్న గొంతు వీడియోలో వినిపిస్తోంది. అది విని నేను నమ్మాను. కోర్టుకి నా నమ్మకంతో పని లేదు.

ఆవిడతో అన్నాను, 'ఆ రోజే ఫోన్ స్టేషన్‌లో ఇచ్చి ఉండాల్సిందమ్మా' అని. 'ఫోన్ ఇచ్చేస్తే మళ్లీ ఎన్నేళ్లకిస్తారండీ? డ్వాక్రా లెక్కలు అందులోనే, ఫోన్‌పే అందులోనే, గ్యాస్‌కీ ఆధార్‌కీ ఓటీపీలు దానికే వస్తాయి' అంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒరిజినల్ వదిలేసి ఫార్వర్డ్ కాపీ తెచ్చేది అందుకే. అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, ఒరిజినల్ ఫోన్ పట్టుకుని యజమానే బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని. ఫోన్ మార్చి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసిన తర్వాత వచ్చే వాయిదాలో ఆ మాట ఎవరికి పనికొస్తుంది?

చట్టం ఇక్కడ మరీ గుడ్డిగా లేదు. స్వాధీనం చేసుకున్న వస్తువులను స్టేషన్‌లో పదిహేను రోజులు, మహా అయితే నెల మించి ఉంచొద్దని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 497లో, కోర్టు ముందుకొచ్చిన వస్తువు వివరాలు 14 రోజుల్లో రాసుకుని, ఫొటో తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికివ్వాలో తేల్చాలని ఉంది. బండ్ల విషయంలో జనం పిటిషన్ పెట్టి తెచ్చుకుంటున్నారు. ఫోన్ల విషయంలో ఆ అలవాటు లేదు. ఫోన్ లోపలి వీడియోకి ఫొటో తీస్తే సరిపోదు కాబట్టి, తిరిగిచ్చే ముందు ఏం చెయ్యాలన్నది కూడా ఎవరికీ స్పష్టంగా లేదు.

పోలీసులు తామే తీసే వీడియోకి మాత్రం మంచి ఏర్పాటే ఉంది. సోదా, జప్తు వీడియో తీయాలని అదే సంహిత 105లో ఉంది. అందుకోసం కేంద్రం ఈ-సాక్ష్య అనే యాప్ ఇచ్చింది. తీస్తున్నప్పుడే స్థలం, సమయం నమోదవుతాయి, హ్యాష్ పడుతుంది. పోలీసు తీసిన వీడియోకి పుట్టగానే పడే ముద్ర, బాధితురాలి కూతురు తీసిన వీడియోకి నెలల తర్వాత నాలాంటివాడి షాపులో పడుతోంది. కంత అని మొదట్లో అన్నది ఇదే.

దీన్ని పూడ్చడానికి కోట్లు అక్కర్లేదు. ఫిర్యాదు ఇచ్చిన రోజునే స్టేషన్‌లో ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి ఒరిజినల్ ఫైల్ తీసుకోవాలి. ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ తీసి మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) రాయాలి. ఆ 64 అక్షరాలు ఉన్న చీటీ మీద స్టేషన్ ముద్ర వేసి ఫోన్ యజమానికి ఇచ్చి, పెద్ద నేరం కాకపోతే ఫోన్ ఇంటికి పంపెయ్యాలి. సాఫ్ట్‌వేర్ కొనే పని కూడా లేదు, విండోస్‌లో ఉన్న సర్ట్‌యుటిల్‌తోనే హ్యాష్ వస్తుంది, రెండు నిమిషాల వీడియోకి పట్టేది సెకన్లు. స్టేషన్‌లో రద్దీ, సిబ్బంది లేరు అంటారని తెలుసు. ఎఫ్ఐఆర్ టైప్ చేసే రైటర్ గారికి ఇది ఒక పూట నేర్పిస్తే వస్తుంది. దీంతో స్క్రీన్ మీద తీసిన దొంగ వీడియో ఆగుతుందా అంటే పూర్తిగా ఆగదు. కానీ గొడవ జరిగిన పూటే ఫైల్ ఇవ్వాల్సివస్తే, తీరిగ్గా కూర్చుని కోసే టైమ్ ఉండదు. ఆలస్యంగా వచ్చిన ఫైల్‌కి ఆలస్యం ఎందుకైందో అడిగే వీలుంటుంది. పార్ట్ బి సంతకానికి జిల్లాకి కొందరు అర్హులను ప్రభుత్వం ప్రకటించాలి. ఫారంలో ఫోన్ రంగు పక్కన, ఈ ఫైల్ మీ చేతికి ఎలా వచ్చింది, ఏ యాప్‌లో తెరిచారు అని ఒక్క వరుస కలపాలి. అక్కడ అబద్ధం రాస్తే అదే కేసవుతుంది.

జనానికి చెప్పేది కొంచెమే. వీడియో అడ్డంగా ఉందని తిప్పి సేవ్ చెయ్యొద్దు, పొడుగైందని మొదలూ చివరా కత్తిరించొద్దు. మంచి మనసుతో చేసినా ఫైల్ మారుతుంది, అవతలి ప్లీడరుకి అదే ఆయుధం. ఒరిజినల్‌ని కదపకుండా ఉంచండి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు నలగకుండా వెళ్తుంది. కొన్నాళ్లకి వాటంతటవే మాయమయ్యే డిసప్పియరింగ్ మెసేజెస్ పెట్టుకున్న గ్రూపులో మాత్రం సాక్ష్యం దాచుకోవద్దు.

చివరగా మీకో మనవి. మీ విలేకరులకు రోజూ ఇలాంటి వీడియోలు వస్తాయి. పంపినవాళ్లే తీశారా, ఒరిజినల్ ఎవరి ఫోన్లో ఉందని అడిగి, దొరికితే డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి. ఇప్పుడు మీ డెస్క్‌కి చేరగానే దాని మీద పత్రిక లోగో పడుతుంది, ఆ లోగో కాపీయే ఊరంతా తిరిగి చివరికి పెన్‌డ్రైవ్‌లో నా దగ్గరికొస్తుంది. లోగో వేయని ఫైల్‌ని, వచ్చిన తేదీ, హ్యాష్ రాసి, కేసు నడిచినన్నాళ్లూ పక్కన పెట్టించండి. ఏదో ఒకరోజు కోర్టు మిమ్మల్నే అడగవచ్చు.

ఇట్లు,
వీడియో మిక్సింగ్ యూనిట్ యజమాని,
బ్రాడీపేట, గుంటూరు